బిడ్డ బలమును కొలుచుట



గత వేసవిలో నొకనాటి సాయంకాలము మా పొరుగింటి యిల్లాలు రెండు చీటీలు చేతబట్టుకొని మా యింటికి వచ్చినది. ఆమెకు ఎనిమిదేండ్ల కూతురు కలదు. ఆ బాలికకు పుట్టినది మొదలు కాళ్లు బిగుసుకొనియుండును. మునివ్రేళ్లపై నడచును, గోడ పట్టుకొనక గుమ్మము దాటజాలదు. మాట స్పష్టము, బుద్ధి చుఱుకు. మావారు పిల్లలకు ఎక్కములు చెప్పుచుండగా వాకిట కూర్చుండి అందఱికంటె ముందు తానే అప్పగించును. వైద్యులు ఈ వ్యాధిని సెరిబ్రల్ పాల్సీ యందురు. తెలుగున మస్తిష్క పక్షవాతమని వ్రాయుచున్నారు.

మొదటి చీటీలో కుడి మోకాలిని చాచు బలము 80 అని యున్నది. ఆఱు మాసముల పిమ్మట వ్రాసిన రెండవ చీటీలో 64 అని యున్నది. ఆ యాఱు మాసములును ఆ తల్లి ఒక్క దినమైనను విడువక బిడ్డచేత వ్యాయామము చేయించినది. "అక్కయ్యగారూ! పదునాఱు తగ్గినది. నేను చేయించినదంతయు బూడిదలో పోసిన పన్నీరైనది. ఇక నీ పిల్లను బాధపెట్టను" అని కన్నీరు పెట్టుకొన్నది. బిడ్డకు ఒళ్లు బద్ధకమనియు, తల్లికి శ్రద్ధ చాలదనియు ఇంటిలో నప్పుడే అనియుండిరట. బిడ్డ గుమ్మముకడ నిలిచి యంతయు వినుచుండెను.

మేము వైద్యశాస్త్రము చదివినవారము కాము. ఇంట పెద్దలకడ కావ్యములు చదువుకొన్నవారము. ఐనను సరకు కొలుచుకొను ప్రతి యిల్లాలికిని ఒక సంగతి తెలియును. నిన్న పది సోలలు వచ్చిన బియ్యము నేడు పదునొకండు సోలలు వచ్చినచో, బియ్యము పెరిగినదని యెవ్వరును సంతసింపరు. నిన్న సోలను గోపురముగా పోసితిమా, నేడు అంచుకు సరిగా చేతితో త్రోసితిమా యని ముందు విచారింతురు. బియ్యమునకు చేయు విచారణ బిడ్డకేల చేయరాదు? ఇట్లు తలచి ఆమెతో గూడ పట్టణమునకు పోయితిమి, తెలిసినవారి నడిగితిమి. అట్లు తెలిసికొన్న సంగతులను, ఇట్టి బిడ్డలుగల తల్లులకు మేలగునని యెంచి, ఇచ్చట వ్రాయుచున్నాము.

వ్యాధి స్వరూపము

ఇది అంటువ్యాధి కాదు. గ్రహణము వలన గాని, శాపము వలన గాని వచ్చునది కాదు. గర్భమునందో, ప్రసవ సమయమునందో, శైశవమునందో ఎదుగుచున్న మెదడునకు కలిగిన హాని దీనికి మూలము. ఆ హాని దినదినము పెరుగదు. కాని బిడ్డ యెదిగినకొలది కండరములును, ఎముకలును దాని ఫలము ననుభవించును.

లండను నగరమున విలియం జాన్ లిటిల్ అను వైద్యుడు 1843వ సంవత్సరమున నిచ్చిన యుపన్యాసములలో ఈ బిగువును వర్ణించెను. ఆయనయు బాల్యమున జబ్బుపడి పాదము వంకరయైనవాడే. 1861లో ఆయన దీనికిని కష్టప్రసవమునకును గల సంబంధమును గూర్చి ప్రసంగించెను. చాలకాలము దీనిని లిటిల్ వ్యాధి యనుచుండిరి. 1889లో విలియం ఆస్లర్ అను వైద్యుడు ప్రకటించిన గ్రంథమునకు సెరిబ్రల్ పాల్సీ యను పేరే పెట్టెను. పురిటినాడు జరిగిన కష్టమే సర్వకారణమని తొలుత తలచిరి. అనేకుల విషయమున మూలము ప్రసవమునకు ముందే యున్నదని నేడు తెలిసినది. కావున తల్లి నీళ్లాడిన దినమును తలచుకొని జీవితమంతయు తన్ను తాను నిందించుకొన నక్కఱలేదు.

బిగువు చాటున బలహీనత

ఈ బిడ్డల కాలు పట్టి చూచినవారికి కొయ్యవలె గట్టిగా తోచును. అందుచేత బలమునకు కొదువ లేదని భ్రమ కలుగును. బిగువు వేఱు, బలము వేఱు. మెదడునుండి వచ్చు నాజ్ఞ చాలినంత రానందున కండరమున గల తంతువులన్నియు ఒక్కసారి పనికి పూనుకొనవు. వంచవలసిన కండరమును, చాచవలసిన కండరమును ఒక్కమాఱే బిగిసి ఒకదాని నొకటి అడ్డగించుటయు గలదు.

లండనులో బెర్తా బోబత్, కారెల్ బోబత్ అను దంపతులు 1940 ప్రాంతముల వ్యాపింపజేసిన చికిత్సాపద్ధతి ననుసరించి, ఇట్టి బిడ్డలచేత బరువునకు ఎదురుగా వ్యాయామము చేయించిన బిగువు హెచ్చునని వైద్యులు చాలకాలము భయపడిరి. బలము పెంచు తలంపే లేనప్పుడు బలమును కొలుచువా రెవ్వరు? అమెరికాలో డయాన్ డమియానో, ఆమె తోడివారు 1995లో ఈ బిడ్డలచేత తొడ ముందరి కండరమునకు వ్యాయామము చేయించి బలము పెరుగుట కనుగొనిరి. 1998లో వైలీ యనునామెతో కలిసి డమియానో కాళ్ల కండరములను వరుసగా కొలిచి, ఈ బిడ్డలు తమ యీడు పిల్లలకంటె బలహీనులని చూపెను. ఒకవైపు మాత్రమే వ్యాధిగల బిడ్డలకు, బాగుగ నున్నదనుకొన్న రెండవ కాలిలో గూడ ఆ లోపము కనబడెను. 2001లో ఫౌలర్ మొదలగువారు తొడ కండరమునకు గట్టి వ్యాయామము చేయించిన పిమ్మట బిగువును పరీక్షించి, అది హెచ్చలేదని తెలిపిరి. అప్పటినుండి, ఈ బిడ్డల బలమును నమ్మదగినట్లు కొలుచు టెట్లను ప్రశ్న ముఖ్యమైనది.

చేతితో కొలుచుట

పూర్వమునుండి యున్న పద్ధతి చేతిపరీక్ష. అమెరికాలోని బోస్టను నగరమున పోలియో సోకిన పిల్లలకొఱకు లోవెట్ అను వైద్యునికడ పనిచేసిన విల్హెల్మీన్ రైట్ అను స్త్రీ 1912లో దీనిని గూర్చి వ్రాసెను. 1943లో బ్రిటనులోని వైద్య పరిశోధనా మండలి సున్న మొదలు 5 వఱకు అంకెలతో నొక వరుసను ప్రచారములోనికి తెచ్చెను. కండరము ఏమాత్రమును కదలనిచో 0. లోపల చిన్న కదలిక మాత్రము తెలిసిన 1. కాలి బరువు అడ్డు రాకుండ పరుండబెట్టినప్పుడు కదలిన 2. కాలి బరువును తానే యెత్తగలిగిన 3. పరీక్షకుని చేతి యొత్తిడికి గూడ కొంత నిలిచిన 4. ఆరోగ్యవంతులవలె నిలిచిన 5.

ఇది ఖర్చు లేనిది. ఏ పల్లెలోనైనను చేయవచ్చును. కాని 4 అను గదిలో చాలమంది యిముడుదురు. అంతంతమాత్రపు ఒత్తిడికి నిలిచినవాడును 4, ఇంచుమించు సరిపోయినవాడును 4. ఒక బిడ్డ యేడాది పాటుపడి బలము సంపాదించినను, 4లోనుండి 4లోనికే పోయిన ఆ శ్రమ కాగితముపై కనబడదు. ఇంతియగాక నేటి పరీక్షకురాలి చేయి మెత్తన, రేపటి పరీక్షకుని చేయి గట్టి. కొందఱు బిడ్డలకు మోకాలిని మాత్రము విడిగా చాచుట సాధ్యము కాదు. తుంటి, మోకాలు, పాదము మూడును కలిసి కదలును. అట్టివారికి అంకె వేయుటయే కష్టము.

యంత్రముతో కొలుచుట

ఈ లోపము తీర్చుటకు డైనమోమీటరు అను చిన్న యంత్రము వచ్చినది. అది పిడికిట నిముడునంత యుండును. ఒకవైపు మెత్త యుండును. పరీక్షకురాలు దానిని బిడ్డ కాలిపై ఆనించి కదలనీయక పట్టుకొనును. బిడ్డ శక్తికొలది త్రోయును. ఎంత బలముతో త్రోసెనో యంత్రము న్యూటనులలో చూపును. సుమారు 100 గ్రాముల వస్తువు బరువు ఒక న్యూటను. కాబట్టి 80 న్యూటనులనగా ఇంచుమించు 8 కిలోల బరువు నెత్తునంత బలము.

మఱియొక విధమున, బిడ్డ పట్టు సడలువఱకు పరీక్షకురాలే త్రోయుట గలదు. రెంటి ఫలములును సమానముగా రావు. బిగువుగల కండరమును హఠాత్తుగా సాగదీసిన అది మఱింత బిగియును గనుక, ఈ బిడ్డలకు మొదటి విధమే మేలని మాకు చెప్పిరి. ఏ విధమైనను ఒకదానినే యెల్లప్పుడు పాటింపవలెను.

ఇక మా పొరుగింటి బిడ్డ చీటీల సంగతి. మేము పోయిన దినమున అచ్చటి ఫిజియోథెరపిస్టు, నడివయస్సుగల యామె, రెండు చీటీలను ప్రక్కప్రక్కన పెట్టి చూచి, "అమ్మా! ఈ యంకెల ప్రక్కన చిన్న యక్షరములలో నున్నదానిని ఎవ్వరును మీకు చెప్పలేదా?" అని యడిగెను. మొదటి చీటీలో 20 సెం.మీ. అనియు, రెండవదానిలో 25 సెం.మీ. అనియు వ్రాసియున్నది. మొదటిసారి యంత్రమును మోకాలికి 20 సెంటీమీటర్ల క్రింద ఆనించిరి. రెండవసారి వేఱొకరు చీలమండకు దగ్గఱగా, 25 సెంటీమీటర్ల క్రింద ఆనించిరి.

ఇందులో నేమున్నదందురా? తలుపును బందుల దగ్గఱ త్రోసిన కదలదు. గడియ దగ్గఱ త్రోసిన ఒక్క వ్రేలితో కదలును. అట్లే మోకాలికి దూరముగా యంత్రము పట్టుకొన్నప్పుడు, కాలు ఎప్పటి బలముతోనే చాచుకొన్నను, దాని నాపుటకు తక్కువ బలము చాలును. యంత్రము తక్కువ యంకెనే చూపును. అసలు బలము తెలియవలెనన్న ఆ యంకెను దూరముతో గుణింపవలెను. ఆమె పలకవంటి దానిపై వ్రాసి చూపెను: 80ని 0.20 మీటరుతో గుణించిన 16. 64ను 0.25 మీటరుతో గుణించినను 16. బిడ్డ బలము రవ్వంతయు తగ్గలేదు. ఆఱు మాసములు ఇంటిలో నడచిన నిందలన్నియు ఐదు సెంటీమీటర్ల మీద నిలిచినవి.

ఆ తల్లి చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "అయితే పెరుగను లేదా, అమ్మా?" అని మెల్లగా నడిగెను. న్యాయమైన ప్రశ్నయే. దానికి ఫిజియోథెరపిస్టు, "రెండుసార్లును ఒకే విధమున కొలువలేదు గనుక పెరిగినదని గాని, పెరుగలేదని గాని ఈ చీటీలు పూర్తిగా చెప్పజాలవు. నేటినుండి సరిగా కొలుతము" అని బదులు చెప్పెను. ఆ సత్యవాక్యము మాకు ఓదార్పుమాటకంటె నచ్చినది.

బిడ్డ యెదుగుచుండును గనుక ఇంకొక లెక్క గలదు. కాలు పొడవైనకొలది చీలమండ మోకాలికి దూరమగును. అందుచేత కూడ ఉత్తయంకెను నమ్మరాదు. శరీరపు బరువును లెక్కింపవలెను. 20 కిలోల బిడ్డకు 16 అను బలమున్నచో కిలోకు 0.8 వచ్చును. అదే బిడ్డ 24 కిలోలైనపుడు బలము 16గానే యున్నచో కిలోకు 0.67 మాత్రమే. బలము తగ్గలేదు, మోయవలసిన బరువు పెరిగినది. ఎదుగు వయస్సున కొందఱు బిడ్డలకు నడక మునుపటికంటె కష్టమగుటకు ఇదియు నొక కారణము కావచ్చును.

కొలత నిలుకడగా నుండుటకు

కొలతను చెడగొట్టునవి యింకను గలవు. కూర్చుండబెట్టి కొలిచిన ఒక యంకె, పరుండబెట్టి కొలిచిన మఱియొక యంకె వచ్చును. నడుము కట్టకున్న బిడ్డ వెనుకకు వాలి శరీరమంతటితో త్రోయును. పిక్క కండరము మిక్కిలి బలమైనది గనుక ఒక్కొక్కప్పుడు పరీక్షకురాలి చేయియే ఓడిపోవును. అప్పుడు యంత్రము చూపునది ఆమె చేతి బలమే. బిడ్డ భయపడినను, అలసినను, ఆకలిగొన్నను, చెప్పిన మాట తెలియకున్నను అంకె తగ్గును.

దీనికి చేయవలసినవి కష్టములు కావు. ఎల్లప్పుడు ఒకే యాసనము, ఒకే భంగిమ. నడుమునకు, తొడకు పట్టీ. యంత్రము ఆనించిన చోటును ఎముక గుఱుతునుండి కొలిచి వ్రాసికొనుట. ముందొకసారి అభ్యాసముగా త్రోయించుట. పిమ్మట మూడు నుండి ఐదు సెకండ్ల చొప్పున మూడుసార్లు, నడుమ విశ్రాంతి నిచ్చి, సగటు తీయుట. ప్రోత్సాహపు మాటలు గూడ ప్రతిసారి ఒకే విధమున పలుకుట. సాధ్యమైనంతవఱకు కొలుచువారు ఒకరే యగుట. వేఱువేఱు దినములలో రెండుమాఱులు కొలిచి సగటు తీసిన మఱింత మేలు. వ్యాయామము మొదలుపెట్టుటకు ముందే యిట్లు చేసిన, పిమ్మటి మార్పు తెలియుటకు గట్టి పునాది యేర్పడును.

ఇంత చేసినను కొలతకు కొంత ఊగిసలాట తప్పదు. ఏ మార్పును లేని బిడ్డనే సోమవారము, గురువారము కొలిచినను అంకెలు కొంచెము తేడాగా వచ్చును. ఆ తేడాను దాటిన మార్పే మార్పు. దానిలోపల నున్న హెచ్చునకు సంతోషమును, తగ్గునకు దుఃఖమును రెండును తగవు. ఈ యొక్క సంగతి తెలిసిన యింట ఎన్నో నిట్టూర్పులు తగ్గును.

లేచుట, ఎక్కుట

యంత్రము లేనిచోట ఏమి చేయవలెను? నెదర్లాండ్సు దేశమున ఫెర్‌ష్యూరెన్ అను పరిశోధకుడు, ఆయన తోడివారు 2008లో ప్రకటించిన వ్రాతలో, ఇద్దఱు పరీక్షకులు డైనమోమీటరుతో వేఱువేఱుగా కొలిచినపుడు అంకెలు అంతగా కలియలేదనియు, మూడు సామాన్యమైన పనులను లెక్కించినపుడు చక్కగా కలిసినవనియు తెలిపిరి. ప్రక్కనున్న మెట్టుపైకి ఎక్కుట ఒకటి. కుర్చీనుండి లేచి నిలుచుట రెండవది. ఒక మోకాలు నేలనుంచి, ఆ స్థితినుండి లేచుట మూడవది. 30 సెకండ్లలో ఎన్నిమాఱులు చేయగలిగిరో లెక్కించుటయే పరీక్ష. మెట్టు ఎత్తు, పీట ఎత్తు ప్రతిసారి ఒకటిగా నుండవలెను.

ఈ పనులు నడువగలిగిన బిడ్డలకే తగును. కెనడాలో పాలిసానో మొదలగువారు 1997లో ఈ బిడ్డల చలనశక్తిని ఐదు తరగతులుగా విభజించిరి. మొదటి తరగతివారు స్వేచ్ఛగా నడుతురు. ఐదవ తరగతివారికి తల నిలుపుటకును సాయము కావలెను. ఏ తరగతి బిడ్డకు ఏ కొలత తగునో నిర్ణయించుట ఫిజియోథెరపిస్టు పని. ఇంట మనము కాలు పట్టి లాగి, బరువులు కట్టి పరీక్షింపరాదు.

ఇంకొక మాట దాపరికము లేక చెప్పవలెను. నెదర్లాండ్సులోనే 2010లో ప్రకటితమైన యొక పరీక్షలో వ్యాయామము చేసిన బిడ్డల కండబలము పెరిగినది గాని, నడక దానితోపాటు మెఱుగుపడలేదు. కాబట్టి కండబలపు టంకె ఒక్కదానిపై ఆశలన్నియు కట్టరాదు. బిడ్డ తానై పీటపైనుండి లేచినదా, స్నానాల గదికి పోగలిగినదా, బడిలో అలయక కూర్చున్నదా యనునవియు కొలతలే.

తల్లులకు మనవి

ఒక పుస్తకము పెట్టుడు. ప్రతి కొలతకును ఎదురుగా తేది, కొలిచిన సమయము, బిడ్డ కూర్చుండెనా పరుండెనా, యంత్రము ఆనించిన దూరము, కొలిచినవారెవరు, ఆనాటి బరువు వ్రాసికొనుడు. కొలతకు పోవునాడు బిడ్డకు కడుపునిండ పెట్టి, నిద్ర చెడకుండ చూచి తీసికొనిపొండు. అంకె తగ్గినదని చెప్పినపుడు, "మొన్నటి విధముననే కొలిచినారా? ఈ తేడా కొలతలోని ఊగిసలాటకంటె పెద్దదా?" అని వినయముగా నడుగుడు. అడుగుట అవిధేయత కాదు. మంచి వైద్యులు ఈ ప్రశ్నలకు సంతోషింతురు.

1999వ సంవత్సరపు నేషనల్ ట్రస్టు చట్టమునందును, 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టమునందును ఈ బిడ్డల పేరు గలదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పదునెనిమిదేండ్లలోపు పిల్లలను పరీక్షించుటకును, జిల్లాలలో చికిత్సాకేంద్రములకు పంపుటకును ఏర్పాటు గలదు. మన తెలుగునాట బడులకు సంబంధించిన భవిత కేంద్రములను గూర్చియు మీ గ్రామపు ఉపాధ్యాయుల నడుగవచ్చును.

భారతమున అరణ్యపర్వములోని అష్టావక్రుని కథ మనకందఱకు తెలిసినదే. ఎనిమిది వంకరల దేహముగల యా బాలుడు జనకుని యాగశాలకు పోగా, ద్వారపాలకుడు వానిని వయస్సుతో కొలిచి, బాలురకు ప్రవేశము లేదని యడ్డగించెను. తల నెరసినంతనే పెద్దవాడు కాడని యా బాలుడు సమాధానము చెప్పి, లోనికి పోయి వందిని వాదమున జయించెను. ద్వారపాలకునికి కొలత తెలియక కాదు. దేనికి ఏ కొలత తగునో తెలియకపోయినది.

మా పొరుగింటి యిల్లాలు ఆనాటినుండి వ్యాయామము మరల మొదలుపెట్టినది. మోకాలికి 20 సెంటీమీటర్ల క్రింద, ఒక్కరే, రెండు దినములు కొలిచి సగటు వ్రాసిరి, అది 82. ఆ రెండు హెచ్చును చూచి ఆమె సంతోషింపబోయి, "ఇది ఊగిసలాటలోనిదే గదా, అక్కయ్యగారూ" అని తానే నవ్వినది. తరువాతి కొలత మాఘమాసమున గలదు. ఈ లోపల బిడ్డ మా యరుగుమీది పీటనుండి లేచుటను తానే లెక్కపెట్టుకొనుచున్నది. మొన్నటి యాదివారము అర నిమిషములో ఆఱుసార్లు లేచి, "పిన్నీ! పుస్తకములో వ్రాయుము, పీట ఏదో కూడ వ్రాయుము" అని మాకు ఆజ్ఞ యిచ్చినది. వ్రాసితిమి.